రాయి వయసు వేరు, కొండ వయసు వేరు

సంపాదకులకు నమస్కారం.

పాపికొండల గురించి పత్రికల్లో ఎప్పుడు వార్త వచ్చినా ‘వంద కోట్ల ఏళ్ల నాటి కొండలు’ అనే మాట కనిపిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ అందులో రెండు వేరువేరు లెక్కలు కలిసిపోయాయి. వంద కోట్ల ఏళ్లు అనేది ఆ రాయి భూమి లోపల పాతిక, ముప్పై కిలోమీటర్ల లోతున ఉడికిన కాలం. ఆనాడు దానిమీద ఏ కొండ ఉండేదో అది ఎప్పుడో అరిగిపోయి నీళ్లలో కలిసింది. ఇప్పుడు లాంచీలో వెళ్తూ మనం తలెత్తి చూసే కొండ ఆ పాత కొండ కాదు. దాని పునాదికి కూడా ఎంతో అడుగున ఉండిపోయిన రాయి ఈనాటికి బయటపడి కొండగా నిలబడింది. రాయి పుట్టిన తేదీని కొండ పుట్టిన తేదీగా అచ్చువేస్తే మధ్యలో జరిగిన కథంతా ఎగిరిపోతుంది. శాస్త్రం ఇప్పుడు కొలిచి చెప్పగలుగుతున్నది ఆ కథనే. దానికి అన్నిటికన్నా మంచి సాక్షి లోతున పుట్టిన గ్రానైట్. డెల్టాలో ఉన్న మనకు దీనితో ఏం పని అనుకునేవారి కోసం కాస్త వివరంగా రాస్తున్నాం.

శిలాద్రవం పైకి ఉబికి నేలమీద పారితే త్వరగా చల్లారుతుంది. గింజలు కంటికి కనపడనంత సన్నగా ఉండే నల్లటి రాయి అవుతుంది. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టేది ఆ రాయినే, బసాల్ట్. అదే ద్రవం కిలోమీటర్ల లోతున ఇరుక్కుపోతే చల్లారడానికి వేల ఏళ్లు, లక్షల ఏళ్లు పడుతుంది. ఆ తీరికలో పలుగు, ఫెల్డ్‌స్పార్, అభ్రకం, హార్న్‌బ్లెండ్ వేటికవి కంటికి ఆనేంత గింజలుగా పెరుగుతాయి. అందుకే గ్రానైట్ నేలమీద కనిపించిందంటే, దానిమీద ఒకప్పుడు ఉన్న కప్పు మొత్తం పోయిందని అర్థం. ఇందులో ఊహేమీ లేదు. ఎంత కప్పు పోయింది, ఎప్పుడు పోయింది, ఎంత వేగంగా పోయింది అన్న మూడే తేలాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఇళ్లలో వంటగట్టు మీద పరిచేదంతా గ్రానైట్ కాదు. చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ గాబ్రో జాతి రాయి, అంటే లోతున చల్లారిన నల్లరాయి. అందులో పలుగు ఉండదు, మెరిసే చుక్కలు పైరాక్సీన్ ఖనిజానివి. శ్రీకాకుళం బ్లూ, వైజాగ్ బ్లూ పేర్లతో అమ్మేవి తూర్పు కనుమల రూపాంతర శిలలు. కరీంనగర్ వైపు నుంచి వచ్చే టాన్ బ్రౌన్‌ను గ్రానైట్ అనవచ్చు. సానబట్టిన గట్టిరాయికల్లా వ్యాపారంలో గ్రానైట్ అనే పేరే నడుస్తుంది. వ్యాపారానికి అది చాలు. కానీ కింద చెప్పే లోతు లెక్క అన్ని రాళ్లకూ పనిచేయదు కాబట్టి ఈ తేడా తెలిసి ఉండాలి.

ముందుగా ‘పైకి లేవడం’ అనే మాటను విడదీయాలి. రాయి పైకి రావడం ఒకటి, నేల ఎత్తు పెరగడం ఇంకొకటి, మీది కప్పు అరిగి రాయి బయటపడటం మరొకటి. ఈ మూడింటినీ కలిపేయడం వల్ల ఎన్ని తప్పుడు నిర్ణయాలు వచ్చాయో ఫిలిప్ ఇంగ్లండ్, పీటర్ మోల్నార్ 1990లో ఒక చిన్న వ్యాసంలో చూపించారు. లెక్క సులువే. రాయి పైకి వచ్చిన దూరంలోంచి అరిగిపోయిన కప్పు మందాన్ని తీసేస్తే మిగిలేది నేల ఎత్తులో మార్పు. సఖినేటిపల్లి రేవులో పంటు (వాహనాలను గోదావరి దాటించే పడవ) మీంచి లారీలు దిగుతుంటే పంటు కొంచెం కొంచెం తేలుతుంది. భూపటలం, అంటే భూమి పైపొర, కూడా కింద ఉన్న బరువైన ప్రావారం (మాంటిల్) మీద అలాగే తేలుతోంది. పటలం సాంద్రత 2.75, ప్రావారం సాంద్రత 3.3 అనుకుంటే, పైన 6 కిలోమీటర్ల రాయి అరిగిపోయినప్పుడు అడుగు నుంచి 5 కిలోమీటర్లు తిరిగి లేస్తుంది. అంటే ఆరు కిలోమీటర్ల లోతులో ఉన్న గ్రానైట్ ఇవాళ ఎండలో ఉంది, ఆ చోటి ఎత్తు మాత్రం పెరగకపోగా ఒక కిలోమీటరు తగ్గింది. ‘గ్రానైట్ ఆరు కిలోమీటర్లు పైకి వచ్చింది కాబట్టి ఇక్కడ ఆరు కిలోమీటర్ల కొండ లేచింది’ అనడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక లోతు ఎలా కొలుస్తారో చెప్పాలి. గ్రానైట్‌లో నల్లటి పొడుగు గింజలుగా కనిపించే హార్న్‌బ్లెండ్ ఖనిజం, చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ తనలోకి ఎక్కువ అల్యూమినియం తీసుకుంటుంది. హామర్‌స్ట్రామ్, జెన్ 1986లో దీన్ని కొలబద్దగా వాడవచ్చని చూపారు. ష్మిట్ 1992లో ప్రయోగశాలలో ఒత్తిడి పెట్టి దీని సూత్రాన్ని సరిచేశారు. హార్న్‌బ్లెండ్‌ను 23 ఆక్సిజన్ పరమాణువుల సూత్రంగా రాసినప్పుడు అందులో ఉన్న మొత్తం అల్యూమినియం సంఖ్యను 4.76తో హెచ్చించి, 3.01 తీసేస్తే ఒత్తిడి కిలోబార్లలో వస్తుంది (కిలోబార్ అంటే గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు). అల్యూమినియం 1.5 ఉంటే 4.13 కిలోబార్లు. గ్రానైట్ కప్పు కింద కిలోమీటరుకు 0.265 కిలోబార్ల చొప్పున భాగిస్తే పదిహేనున్నర కిలోమీటర్ల లోతు. అల్యూమినియం 2.0 ఉంటే 6.51 కిలోబార్లు, ఇరవై నాలుగున్నర కిలోమీటర్లు. సూత్రం సొంత పొరపాటే 0.6 కిలోబార్ల మేర ఉంటుంది, అంటే రెండు కిలోమీటర్లు అటూ ఇటూ. దీన్ని దాచి ‘ఇరవై నాలుగున్నర’ అని దశాంశంతో ముద్రించడం న్యాయం కాదు.

చేసే పని ఇలా ఉంటుంది. తాజా రాతిముక్కను గాజుపలక మీద అంటించి 30 మైక్రాన్ల మందానికి అరగదీస్తారు. అద్దంలా సానబట్టి, కార్బన్ పూత వేసి, గింజలో ఏ మూలకం ఎంతుందో కొలిచే ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌లో పెడతారు. కొలవాల్సింది గింజ నడిమధ్య కాదు, పలుగునో ఫెల్డ్‌స్పార్‌నో ఆనుకుని ఉన్న అంచు. రాయి పూర్తిగా గడ్డకట్టేనాటి ఒత్తిడి అంచులోనే ఉంటుంది, నడిమి భాగం అంతకుముందే, బహుశా ఇంకా లోతున పెరిగింది. అంచున ఆకుపచ్చ క్లోరైట్ పట్టినా, ఆక్టినోలైట్‌గా మారిపోయినా ఆ గింజను వదిలేయాలి. చాలా లెక్కలు తప్పేది ఇక్కడే. యంత్రం ఏ గింజకైనా ఒక అంకె ఇస్తుంది. ఆ గింజ సాక్ష్యానికి పనికొస్తుందో లేదో చూడాల్సింది సూక్ష్మదర్శిని దగ్గర కూర్చున్న మనిషి.

ఇంకో షరతు ఉంది. ఆ రాతిలో హార్న్‌బ్లెండ్‌తో పాటు పలుగు, పొటాష్ ఫెల్డ్‌స్పార్, ప్లాజియోక్లేజ్, బయోటైట్, స్ఫీన్, మాగ్నటైట్ లేదా ఇల్మనైట్ అన్నీ కలిసి ఉండాలి. పొటాష్ ఫెల్డ్‌స్పార్ లేని రాతికి సూత్రం వేస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. వేడి ఎక్కువగా ఉన్నప్పుడే గడ్డకట్టిన హార్న్‌బ్లెండ్‌లోకి వేడి వల్ల కూడా అల్యూమినియం చేరుతుంది, అప్పుడు లోతు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అందుకని 1995లో ఆండర్సన్, స్మిత్ ఉష్ణోగ్రత సవరణ చేర్చారు. ఇనుము మరీ ఎక్కువున్న హార్న్‌బ్లెండ్‌ను పక్కన పెట్టమని కూడా చెప్పారు. గింజలు పెద్దగా ఉన్నాయి కాబట్టి ఇది లోతైన గ్రానైట్ అనే వాదన తరచూ వింటుంటాం. అది కూడా నిలవదు. గింజ పరిమాణం నీటి పాలు మీద, చల్లారిన వేగం మీద ఆధారపడుతుంది, లోతు మీద నేరుగా కాదు.

ఈ కొలత ఎంత పెద్ద సంగతి చెప్పగలదో చూడాలంటే కర్ణాటకలోని క్లోజ్‌పేట గ్రానైట్‌ను చూడాలి. రామనగరకు పాత పేరు క్లోజ్‌పేట. సుమారు 252 కోట్ల ఏళ్ల నాటి ఈ గ్రానైట్ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 400 కిలోమీటర్లు సన్నటి పట్టీలా సాగుతుంది. దాని వెంట ఉత్తరాన ఉన్న రాళ్లు సుమారు 3 కిలోబార్ల ఒత్తిడిని చూపుతాయి. దక్షిణాన ఒత్తిడి అంతకు రెండింతలు దాటుతుంది, రాళ్లు కరిగి కలిసిపోయిన గుర్తులు కనిపిస్తాయి. అంటే ఒకే గ్రానైట్‌కు ఉత్తరాన పైభాగం, దక్షిణాన వేళ్లు బయటపడ్డాయి. దక్షిణ కొస ఉత్తర కొసకన్నా పది కిలోమీటర్లకు పైగా ఎక్కువ కప్పు పోగొట్టుకుంది. ధార్వార్ ప్రాచీన పటలం (కర్ణాటక ప్రాంతపు అతిపాత భూభాగం) మొత్తం ఉత్తరం వైపు వాలిందన్న నిర్ణయానికి ఆధారాల్లో ఇదొకటి. 400 కిలోమీటర్ల దారిలో నేలమీద నడుస్తూ పటలం లోపలికి దిగినట్టే. ప్రపంచంలో ఇలాంటి చోట్లు ఎక్కువ లేవు.

లోతు తెలిస్తే కథ సగమే అయినట్టు. ఎప్పుడు పైకి వచ్చిందో చెప్పాలంటే రాయి చల్లారిన తేదీలు కావాలి. ఒకే గ్రానైట్ ముక్కలో అయిదారు గడియారాలు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర నడక మొదలుపెడుతుంది. జిర్కాన్ అనే ఖనిజంలో యురేనియం నెమ్మదిగా సీసంగా మారే గడియారం 900 డిగ్రీలకు పైన కూడా నిలబడుతుంది, కాబట్టి అది రాయి పుట్టిన తేదీ చెబుతుంది. హార్న్‌బ్లెండ్‌లోని ఆర్గాన్ 500 డిగ్రీల ప్రాంతంలో బయటికి పోవడం ఆగుతుంది, బయోటైట్‌లో 300 దగ్గర. అపటైట్ అనే మరో ఖనిజంలో యురేనియం చీలిన జాడలు 110 డిగ్రీల కింద నిలుస్తాయి. అదే అపటైట్‌లో హీలియం 70 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. రైలు ఏ స్టేషన్ ఎన్ని గంటలకు దాటిందో రాసి ఉన్న చీటీ లాంటిది ఇది. మొదటి స్టేషన్ తేదీ ఒక్కటే అచ్చువేసి, రైలు ఇంటికి చేరిన తేదీ అదేనంటున్నాం మనం.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక గ్రానైట్‌లో హార్న్‌బ్లెండ్ 240 కోట్ల ఏళ్లు, బయోటైట్ 200 కోట్ల ఏళ్లు, అపటైట్ 30 కోట్ల ఏళ్లు చూపాయి. 500 నుంచి 300 డిగ్రీలకు రావడానికి 40 కోట్ల ఏళ్లు పట్టింది, అంటే పది లక్షల ఏళ్లకు అర డిగ్రీ. కిలోమీటరు లోతుకు 20 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందనుకుంటే పది లక్షల ఏళ్లకు 25 మీటర్ల కప్పు పోయినట్టు. ఆ తరువాత 300 నుంచి 110కి రావడానికి 170 కోట్ల ఏళ్లు పట్టింది, పది లక్షల ఏళ్లకు ఆరు మీటర్ల లోపే. ప్రాచీన పటలం స్వభావం అది. హిమాలయాల్లో ఈ వేగం వందల మీటర్లు దాటుతుంది, కొన్నిచోట్ల వేలల్లో ఉంటుంది.

అయితే ఈ రెండు తేదీల మధ్య గీత గీసి ‘ఇలా తిన్నగా వచ్చింది’ అనడానికి వీల్లేదు. రాయి ఒకసారి పైకి వచ్చి, మళ్లీ మట్టికింద కప్పబడి, వేడెక్కి, మళ్లీ పైకి వచ్చి ఉండవచ్చు. కడప జిల్లా గువ్వలచెరువు ఘాట్ దీనికి మంచి పాఠం. అక్కడ 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ అరిగిన నేల మీద ఇసుకరాయి గట్టిపడిన క్వార్ట్‌జైట్ పొరలు పరుచుకుని ఉన్నాయి. ఆ పొరలకన్నా పైన ఉన్న పొరల్లోకి చొరబడిన పులివెందుల అగ్నిశిల వయసు సుమారు 189 కోట్ల ఏళ్లు. కాబట్టి అంతకు ముందే ఆ గ్రానైట్ నేలమీదికి వచ్చేసింది, వానకు తడిసింది, గులకరాళ్లుగా విరిగింది. ఆ తరువాత కడప పొరలు కిలోమీటర్ల మందాన దానిమీద పేరుకున్నాయి. తిరుమల ఘాట్ రోడ్డులో జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన చోట కూడా కింద ప్రాచీన గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, మధ్యలో కోట్ల ఏళ్ల ఖాళీ కనిపిస్తాయి. కొండెక్కే లక్షల మందిలో ఒక్కరైనా బస్సు కిటికీలోంచి ఆ గీతను గుర్తుపడితే మాకెంతో సంతోషం. ఎంత ఖరీదైన యంత్రమైనా అలాంటి గీత ఇచ్చే సాక్ష్యాన్ని కాదనలేదు. యంత్రం అంకె దాంతో సరిపోకపోతే యంత్రం అంకెనే మళ్లీ చూసుకోవాలి.

అపటైట్ జాడల పద్ధతి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చివరి మూడు నాలుగు కిలోమీటర్ల ప్రయాణాన్ని, అంటే ఇవాళ్టి కొండల కథను చెప్పేది అదే. యురేనియం-238 పరమాణువు అరుదుగా తనంతట తానే రెండుగా చీలి, గింజలో సుమారు 16 మైక్రాన్ల పొడవు దెబ్బగీత వదులుతుంది. 110 డిగ్రీలు దాటితే గీత మానిపోతుంది. 60కీ 110కీ మధ్య కొంచెం కొంచెంగా కుదించుకుపోతుంది. గీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే వయసు వస్తుంది, ఎంత పొడవున్నాయో కొలిస్తే దారి తెలుస్తుంది. దాదాపు అన్నీ 14, 15 మైక్రాన్లు ఉంటే రాయి ఆ వేడి పట్టీని గబగబా దాటింది. 11 నుంచి 14 దాకా చిందరవందరగా ఉంటే అక్కడే కోట్ల ఏళ్లు నానింది. పొడవులు కొలవకుండా వయసు ఒక్కటే ఇచ్చిన నివేదికను సగం నివేదికగానే చూడాలి.

దీనికి మూడు నాలుగు కిలోల తాజా రాయి కావాలి. దవడ యంత్రంలో నలిపి, 300 మైక్రాన్ల జల్లెడ కిందికి వచ్చిన పొడిని కడిగి, మట్టి పోగొట్టి, అయస్కాంతంతో ఇనుప ఖనిజాలను లాగేస్తారు. తరువాత 2.89 సాంద్రత ఉన్న బ్రోమోఫారంలో పోస్తే పలుగు, ఫెల్డ్‌స్పార్ తేలిపోతాయి, బరువైనవి మునుగుతాయి. మునిగినదాన్ని 3.3 సాంద్రత ఉన్న మిథిలీన్ అయొడైడ్‌లో వేస్తే అపటైట్ తేలుతుంది, జిర్కాన్ మునుగుతుంది. అపటైట్ గింజలను ఎపాక్సీలో అమర్చి సానబట్టి, 5.5 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో 21 డిగ్రీల దగ్గర సరిగ్గా 20 సెకన్లు ముంచుతారు. మన వేసవిలో ఏసీ లేని గదిలో ఆమ్లం 35 డిగ్రీలు దాటి ఉంటుంది. అదే 20 సెకన్లకు గీతలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, లెక్క పాడవుతుంది. నీటి తొట్టెలో ఉష్ణోగ్రత నిలబెట్టకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. తరువాత గింజల మీద అభ్రకం రేకు అంటించి అణు రియాక్టర్‌లో న్యూట్రాన్లకు గురిచేసి యురేనియం ఎంతుందో తేలుస్తారు, లేదా లేజర్ యంత్రంతో నేరుగా కొలుస్తారు. కనీసం 20 గింజలు లెక్కించాలి, పొడవులు వంద దాకా కొలవాలి. క్లోరిన్ ఎక్కువున్న అపటైట్‌లో గీతలు ఎక్కువ వేడికి తట్టుకుంటాయి కాబట్టి గింజ రసాయనాన్ని కూడా చూడాలి. బ్రోమోఫారం ఆవిరి కాలేయానికి చేటు. అభ్రకాన్ని తినే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒంటిమీద పడితే ఎముక దాకా పోతుంది. ఇవి బడిలో చేసే ప్రయోగాలు కావు.

రాయి ఏరుకునే దగ్గరే పని చెడిపోవడం మామూలు. అడవి మంట తగిలిన రాతి పైపొరలో అపటైట్ గీతలు, హీలియం చెరిగిపోతాయి, అందుకని పై అయిదు సెంటీమీటర్లు కొట్టి పారేయాలి. డోలరైట్ గోడ (పగుల్లోకి చొరబడి గడ్డకట్టిన నల్లరాయి) పక్కన తీసిన గ్రానైట్ ఆ గోడ వేడికి మళ్లీ కాలినది, ఆ గోడ మందానికి కనీసం రెండింతల దూరం జరగాలి. గరపగా, అంటే మెత్తబడి పొడిగా రాలేలా, మారిన రాతిలో ఫెల్డ్‌స్పార్ సుద్ద అయిపోయి, బయోటైట్‌లో ఆర్గాన్ కారిపోయి ఉంటుంది. క్వారీ గోడ మంచిది, కానీ పేలుడు గుంట పక్కన వద్దు. ఒక్క రాయితో సరిపెట్టకుండా కొండ పాదం నుంచి శిఖరం దాకా వంద, నూట యాభై మీటర్లకు ఒకటి చొప్పున తీస్తే అసలు ప్రయోజనం ఉంటుంది. పై రాయి ముందుగా చల్లారి ఉంటుంది, కింది రాయి ఆలస్యంగా. 400 మీటర్ల ఎత్తు తేడాకు 2 కోట్ల ఏళ్ల వయసు తేడా ఉంటే పది లక్షల ఏళ్లకు 20 మీటర్ల వేగం. ఇందులో లోపలి వేడి ఎంత అన్న ఊహ చాలావరకు అక్కర్లేదు.

ఆ ఊహ ఎంత ముంచుతుందో కోలార్ గనులు చూపించాయి. అక్కడ 3 కిలోమీటర్ల లోతున రాతి వేడి సుమారు 65 డిగ్రీలే. కిలోమీటరుకు పన్నెండు డిగ్రీలు అనుకుందాం. నేల 30 డిగ్రీల దగ్గర ఉంటే ఆ లెక్కన 110 డిగ్రీలు తగలాలంటే దాదాపు ఆరున్నర కిలోమీటర్లు దిగాలి. పుస్తకాల్లో మామూలుగా వాడే 25 డిగ్రీల లెక్కన మూడు కిలోమీటర్లు చాలు. ఒకే గింజ, ఒకే వయసు, కప్పు మందంలో రెండింతల తేడా.

ఇప్పుడు మన డెల్టా. ధవళేశ్వరం దిగువన నేల తవ్వితే రాయి తగలదు. కానీ తూర్పు కనుమలైన ఆ ప్రాచీన పటలమే మన కిందా ఉంది. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట భారత, అంటార్కిటికా భూభాగాలు విడిపోయేటప్పుడు ఈ అంచు చీలి మెట్లుమెట్లుగా కుంగింది. తణుకు, కైకలూరు కింద ప్రాచీన శిల గట్టులా ఎత్తుగా, మండపేట కింద గోతిలా లోతుగా ఉంది. మనవైపు కొండరాళ్ల జంటలు ఇవాళ అంటార్కిటికా మంచు అంచున ఉన్నాయి.

కుంగుబాటుకు మన దగ్గర ఉన్న కొలబద్ద మరెక్కడా దొరకనంత చక్కటిది. పంగిడి దగ్గర నేలమీద కనిపించే దక్కన్ లావా వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లు. పంగిడి, కాతేరు ప్రాంతాల్లో లావా పొరల మధ్య సున్నపురాయిలో సముద్రతీరపు నత్తగుల్లలు, చిప్పలు దొరికాయి. అంటే ఆ రోజున అక్కడ సముద్రం అంచు. ఈనాటికీ ఆ చోటు సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు. అదే లావా రాజోలు, నరసాపురం వైపు చమురు బావుల్లో కిలోమీటర్ల లోతున తగిలింది, భూగర్భ శాస్త్రవేత్తలు దానికి రాజోలు పేరే పెట్టారు. ఒకప్పుడు ఒకే మట్టంలో పారిన లావాకు ఒక కొస గట్టున నిలిచింది, ఇంకో కొస ఊబిలో దిగినట్టు దిగింది. పంటు మీంచి దిగిన లారీల బరువు ఇటువైపు ఎక్కింది మరి. కొండ అరిగితే కొండ లేస్తుంది, ఆ మట్టి పడిన చోటు కుంగుతుంది.

అందుకే గ్రానైట్ కథలో పోయిన పేజీలు డెల్టాలో ఉన్నాయంటాం. అవి తలకిందులుగా ఉంటాయి. నీరు ముందు కొండ పైభాగాన్ని కోస్తుంది, అది ఇక్కడ అడుగున చేరుతుంది. తరువాత కోసిన లోపలి రాయి దానిమీద చేరుతుంది. బావిలో అడుగు నుంచి పైకి వస్తూ ఇసుకను చదివితే కొండను పైనుంచి కిందికి చదివినట్టు. ఒక పొర పేరుకున్న తేదీ 5 కోట్ల ఏళ్లు, అందులోని గింజ చల్లారిన తేదీ 25 కోట్ల ఏళ్లు అయితే, ఆ గింజ లోపలి నుంచి ఇక్కడిదాకా రావడానికి 20 కోట్ల ఏళ్లు తీసుకుంది. ఈ తేడా చిన్నదైతే అప్పుడు పైన కొండలు జోరుగా లేస్తున్నట్టు, పెద్దదైతే నిదానంగా అరుగుతున్నట్టు. ఒక్క చిక్కు ఏమిటంటే, బావి లోతు పెరిగి వేడి 110 దాటితే అపటైట్ జాడలు మళ్లీ చెరిగిపోతాయి. అక్కడి నుంచి జిర్కాన్‌నే అడగాలి. ఇంకో చిక్కు, గోదావరి పరీవాహకంలో సగం దాకా దక్కన్ లావా నేలే. బసాల్ట్‌లో జిర్కాన్ దాదాపు ఉండదు. కాబట్టి జిర్కాన్ మాత్రమే లెక్కించినవారికి మహారాష్ట్ర అసలు లేనట్టే కనిపిస్తుంది, మన పొలాల నల్లరేగడి మాత్రం అక్కడిదే.

సంపాదకులకు మా విన్నపం చిన్నది. కొండ గురించి, రాయి గురించి వయసు అంకె వచ్చినప్పుడు ఏ ఖనిజంలో కొలిచారు, ఏ పద్ధతిలో, పొరపాటు ఎంత అని విలేకరిని అడిగించండి. జిర్కాన్ అంటే ‘రాయి పుట్టిన కాలం’ అని, అపటైట్ అంటే ‘నేలకు చేరువైన కాలం’ అని రాయించండి. ఉత్థానం (నేల ఎత్తు పెరగడం), బయటపడటం అనే రెండు మాటలను వేరువేరుగా వాడితే చాలు, కొత్త పదాలు పుట్టించనక్కర్లేదు.

బడిపిల్లలతో చేయించాలనుకునే ఉపాధ్యాయులకు రసాయనాలు లేని పని ఒకటి ఉంది. వరద తీసిన తరువాత గోదావరి లంక ఒడ్డున, నల్లటి చార కనిపించిన చోట కిలో ఇసుక తీసి ఎండబెట్టండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇసుక మీద తిప్పితే మాగ్నటైట్ అంటుకుంటుంది. సంచి తిరగేస్తే ఊడిపోతుంది, సంచి లేకుండా తిప్పితే అయస్కాంతం నుంచి ఎప్పటికీ వదలదు. మిగిలినదాన్ని చేటలాంటి పళ్లెంలో నీళ్లతో గుండ్రంగా తిప్పి తేలికపాటి ఇసుకను కొంచెం కొంచెంగా పోనివ్వండి. ఒక్కసారి ఊపితే గార్నెట్ కూడా పోతుంది. అడుగున మిగిలిన చెంచాడు గింజలను పదిరెట్ల భూతద్దంతో చూస్తే ఎర్రటి గార్నెట్, పుల్లల్లాంటి తెల్లటి సిల్లిమనైట్ కనిపిస్తాయి. ఒకప్పుడు బురదగా ఉండి, పాతిక కిలోమీటర్ల లోతుకు దిగి, తిరిగి పైకి వచ్చిన ఖోండలైట్ గింజలు అవి. పోయిన ఇసుకలో పలుగు గాజులా ఉంటుంది, ఫెల్డ్‌స్పార్ బల్లపరుపుగా విరిగి వెలుగుకు తళుక్కుమంటుంది. వందేసి గింజలు లెక్కపెట్టి ఏది ఎన్ని ఉన్నాయో రాయించండి. అదే పని ధవళేశ్వరం దగ్గర ఒకసారి, అంతర్వేది దగ్గర ఒకసారి చేయించి పోల్చండి. తీసిన ప్రతి సంచిలో రేవు పేరు, తేదీ, నీటి అంచు నుంచి దూరం పెన్సిల్‌తో రాసిన చీటీ వేయించండి. పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది, చీటీ చెరిగిన సంచిని పోల్చడానికి వాడకూడదు.

ఇట్లు,
భూగర్భశాస్త్ర అధ్యాపకులు,
అమలాపురం, కోనసీమ